గోడ రంగును తేల్చేది నేల: రెండు ఆఫ్ వైట్‌ల మధ్య ఎంపిక

లప్పం పని ముగిసి, ప్రైమర్ ఆరి, "షేడ్ నంబరు చెబితే రేపు డబ్బాలు తెప్పిస్తాను" అని పెయింటింగ్ మేస్త్రి అడిగే నాటికి చాలా ఇళ్లలో నీలాలు, పచ్చలు, గులాబీలు అన్నీ పోటీ నుంచి తప్పుకుని ఉంటాయి. మిగిలేవి షేడ్ కార్డులో పక్కపక్కనే ఉన్న రెండు లేత రంగులు. ఒకటి ఐవరీ తరహాలో కాస్త పసుపు వైపు మొగ్గిన తెలుపు. రెండోది కాస్త బూడిద వైపు మొగ్గినది. భార్యకు ఒకటి నచ్చుతుంది, భర్తకు రెండోది. ఫోటోలు వాట్సాప్‌లో డల్లాస్‌లో ఉన్న అబ్బాయికి వెళతాయి. రెండూ ఒకటే కదా అంటాడు అతను. హాలులో ఒక గోడకు ముదురు నీలం వేయాలా వద్దా అన్నది పది నిమిషాల్లో తేలుతుంది గానీ ఈ రెండు తెలుపుల తగవు మాత్రం వారం రోజులు సాగుతుంది.

ఇందులో చాదస్తమేమీ లేదు. ముదురు రంగు ఏ గదిలో వేసినా తన ఉనికి తాను నిలుపుకుంటుంది. లేత రంగుకు సొంత బలం తక్కువ. చుట్టూ ఉన్నవాటి రంగు దాని మీద పడినప్పుడు ఎదుర్కోలేదు. అందుకే కార్డు మీద వెంట్రుకవాసి తేడాతో ఉన్న రెండు షేడ్లు గదిలోకి వచ్చాక ఒకటి హాయిగా, ఒకటి మాసినట్టుగా కనిపించవచ్చు. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూస్తున్నంత కాలం తగవు తేలదన్నది నా అభిప్రాయం. గదిలో మీరు మార్చలేనివి కొన్ని ఉన్నాయి: నేల, తలుపులు, కిటికీ బయట ఉన్న గోడో చెట్టో. రెండు షేడ్లలో వాటితో పేచీ పెట్టేది ఏదో చూడండి. ఏది బాగుందన్న ప్రశ్నకు పది జవాబులు వస్తాయి గానీ, ఏది తేడా కొడుతోందన్న ప్రశ్నకు ఇంటిల్లిపాదీ ఒకే జవాబు చెబుతారు.

డబ్బాలో ఏముంది?

షాపులో టింటింగ్ మెషిన్ ముందు కాసేపు నిలబడి చూస్తే సగం విషయం అర్థమవుతుంది. తెల్లటి బేస్ డబ్బా మూతకు రంధ్రం చేసి, అందులోకి పసుపు, నలుపు, ఎర్ర ఆక్సైడ్ లాంటి కలరెంట్లు సన్నటి ధారగా వదిలి, డబ్బాను గట్టిగా కుదుపుతారు. ముదురు రంగుకు ఆ ధార కంటికి కనిపించేంత సేపు పడుతుంది. ఆఫ్ వైట్‌కు చుక్కలే. తెలుపు దాదాపు అంతా బేస్‌లో ఉన్న టైటానియం డయాక్సైడ్‌దే. మనం పేరు పెట్టి పిలుచుకునే ఐవరీ, క్రీమ్, మ్యాగ్నోలియా అన్నీ ఆ చుక్కల్లో ఏది కాస్త ఎక్కువ పడిందన్న దాని మీద ఆధారపడినవే. తెలుపు చాటున ఉండే ఈ మొగ్గునే పెయింట్ వ్యాపారంలో అండర్‌టోన్ అంటారు. కొన్ని తెలుపులు పసుపు వైపు మొగ్గుతాయి, కొన్ని గులాబీ వైపు, కొన్ని ఆకుపచ్చ వైపు, కొన్ని బూడిద వైపు.

ఇది మన పెద్దవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. పండుగ ముందు గోడలకు సున్నం వేసేటప్పుడు అందులో చిటికెడు నీలిమందు కలిపేవారు. సున్నంలో ఉండే పసుపు ఛాయను ఆ నీలం విరిచేస్తుంది. కాంతి కాస్త తగ్గినా కంటికి గోడ ఇంకా తెల్లగా తోస్తుంది. పాళ్లు కుదరకపోతే గోడ నీలంగా తేలిపోయేది. తెల్లబట్టల నీలానిదీ ఇదే లెక్క. తెలుపు అన్నది ఒకటే రంగు కాదనీ, దానికి మొగ్గు ఉంటుందనీ ఆ పని చేసిన ప్రతివాళ్లకూ తెలుసు.

ఇక రెండో లక్షణం, గోడ ఎంత వెలుగును తిప్పి పంపుతుందన్నది. దీన్ని ఎల్‌ఆర్‌వీ అనే అంకెతో చెబుతారు. పూర్తి నలుపు 0, వెలుగునంతా తిప్పికొట్టే ఆదర్శ తెలుపు 100. ఆఫ్ వైట్‌లు చాలావరకు 75కూ 85కూ మధ్య ఉంటాయి. మీ రెండు షేడ్లలో ఒకటి 82, ఒకటి 79 అయితే గది చీకటి అవుతుందేమోనని బెంగ పడకండి. సీలింగూ నేలా సామానూ అన్నీ కలిపి లెక్క వేస్తే గదిలో వెలుగుకు వచ్చే తేడా నాలుగైదు శాతం కూడా ఉండకపోవచ్చు. 9 వాట్ల బల్బు తీసి 12 వాట్లది పెడితే అంతకు ఎన్నో రెట్ల తేడా వస్తుంది. ఇంత దగ్గరి షేడ్ల మధ్య ఎల్‌ఆర్‌వీ తీర్పు చెప్పలేదు. చూడాల్సింది మొగ్గునే.

కార్డు మీద ఒకటి, గోడ మీద ఇంకొకటి

"కార్డులో లేతగా ఉంది, గోడ మీద ఇంత పచ్చగా వచ్చిందేమిటి" అని మేస్త్రితో గొడవ పడేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. చాలాసార్లు మేస్త్రి తప్పేమీ ఉండదు. వెలుగు గదిలో ఒక గోడకు తగిలి ఆగిపోదు. ఎదుటి గోడకు వెళ్తుంది, అక్కడి నుంచి పక్క గోడకు, మళ్లీ వెనక్కు వస్తుంది. తగిలిన ప్రతిసారీ గోడ తన రంగును దానికి ఇంకాస్త పులుముతుంది. ఒక క్రీమ్ షేడ్ ఎరుపు కాంతిలో 85 పాళ్లు, నీలి కాంతిలో 70 పాళ్లు తిప్పి పంపుతుందనుకుందాం. రెండు కాంతులూ 100 చొప్పున బయలుదేరితే మొదటిసారి తగిలాక 85, 70 మిగులుతాయి. రెండోసారికి 72, 49. మూడోసారికి 61, 34. మొదట ఐదో వంతు ఉన్న తేడా ఇప్పుడు దాదాపు రెండింతల దాకా వచ్చింది. నాలుగు గోడల మధ్య నిలబడినప్పుడు కంటికి చేరేది ఈ రకరకాల వెలుగుల కలగాపులగం. వేలెడంత కార్డు ముక్కకు ఎదుటి గోడ లేదు కాబట్టి దాని మీద ఇదేమీ కనిపించదు.

నమ్మకం కుదరకపోతే ఒక మందపాటి అట్టకు రంగు వేసి, ఆరాక మధ్యకు మడిచి లంబకోణంలో నిలబెట్టండి. మడత లోపలి మూలలో రంగు ముదిరి కనిపిస్తుంది. గది మూలలు అలాగే కనిపిస్తాయి. చిన్న పడకగదిలో, పూజగదిలో, సన్నటి నడవలో ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. అందుకే పసుపు మొగ్గు, గులాబీ మొగ్గు ఉన్న షేడ్లను నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతగా తీసుకోవడం మంచిది.

కార్డు విషయంలో ఇంకో చిక్కు ఉంది. దాన్ని టేబుల్ మీద పడుకోబెట్టి చూస్తాం. పైనుంచి లైటు నేరుగా దాని మీద పడుతుంది. గోడ నిలువుగా ఉంటుంది, దాని మీద వెలుగు ఏటవాలుగా, తక్కువగా పడుతుంది. షాపు టేబుల్ మీద వెన్నలా ఉన్నది ఇంట్లో నిలబెట్టేసరికి బూడిదగా తోచడానికి ఒక కారణం ఇదే. కార్డు చూడాల్సి వస్తే కనీసం గోడకు ఆనించి నిలువుగా పట్టుకుని చూడండి.

ఉత్తరపు గది, దక్షిణపు గది: అరువు సూత్రాలు

ఇంటర్నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా ఇది: ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలో వెలుగు చల్లగా, నీలంగా ఉంటుంది కాబట్టి వెచ్చటి షేడ్ వేయండి, దక్షిణపు గదికి చల్లటి షేడ్ సరిపోతుంది. ఈ సూత్రం పుట్టిన చోట అది నిజమే. లండన్ దాదాపు 51.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. ఉత్తరపు కిటికీకి ఏడాదిలో ఎక్కువ భాగం దక్కేది ఆకాశపు నీలి వెలుగే.

హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరం వైపునే కాస్త ఒరిగి ఉంటాడు. విజయవాడ, విశాఖపట్నాల్లోనూ తేదీలు కొద్దిగా అటూఇటూ అయినా పరిస్థితి ఇదే. అంటే మన ఉత్తరపు కిటికీల్లోకి వేసవి పొద్దున్నా సాయంత్రమూ ఎండే వస్తుంది. మిగతా కాలంలో కూడా నేలంతా తెల్లటి ఎండతో వెలుగుతుంటుంది. లండన్ ఉత్తరపు గది దిగులు మన ఉత్తరపు గదికి లేదు.

దిక్కుకన్నా మన ఇళ్లలో ఎక్కువ పని చేసేది సజ్జ. ఎండా వానా లోపలికి రాకుండా కిటికీ మీద రెండడుగుల సజ్జ పోస్తాం. ఫ్లాట్లలో అయితే పై అంతస్తు బాల్కనీయే సజ్జ. అది ఆకాశాన్ని చాలావరకు కప్పేస్తుంది. అప్పుడు గదిలోకి వచ్చే వెలుగులో పెద్ద వాటా నేల మీద, ఎదుటి గోడ మీద పడి లోపలికి ఎగిరి వచ్చినది. వాకిట్లో సిమెంటు ఉంటే ఆ వెలుగు బూడిదగా ఉంటుంది. ఎర్రమట్టి ఉంటే లేత నారింజగా ఉంటుంది. ఆరడుగుల దూరంలో పక్కింటివారు లేత ఆకుపచ్చ వేసుకుంటే మీ పడకగదికి ఆ ఆకుపచ్చే వస్తుంది. కిటికీ నిండా వేపచెట్టు ఉన్న గదిలో ఆకుపచ్చ మొగ్గున్న బూడిద షేడ్ వేసి చూడండి, పగలు మూడు గంటల వేళ గోడకు పాచి పట్టినట్టు ఉంటుంది. అదే చోట గులాబీ మొగ్గు కొద్దిగా ఉన్న తెలుపు ఆ ఆకుపచ్చను విరిచి మామూలు తెలుపులా నిలబడుతుంది. అందుకని దిక్సూచి పక్కన పెట్టి, పది గంటలకు కిటికీ దగ్గర నిలబడి ఎదురుగా ఎండ పడుతున్నది దేని మీదో చూడటం మేలు.

పడమటి గది ఒక్కటే దీనికి మినహాయింపు. నాలుగు తర్వాత ఎర్రటి ఎండ నేరుగా గోడ మీద పడుతుంది. ఆ గదిలో పసుపు మొగ్గు, గులాబీ మొగ్గు రెండూ సాయంత్రానికి మామిడిపండు రంగుకు తిరుగుతాయి. అక్కడ బూడిద షేడ్‌కే నా ఓటు.

రాత్రి వెలుగు

ఉద్యోగాలు చేసేవాళ్లు తమ హాలును పగటికన్నా రాత్రే ఎక్కువ చూస్తారు. అయినా రంగు మాత్రం ఆదివారం మధ్యాహ్నం ఎంచుకుంటారు. మన మార్కెట్‌లో ఎక్కువగా అమ్ముడయ్యే తెల్ల ఎల్‌ఈడీ బల్బుల మీద 6500కె అని రాసి ఉంటుంది (కె అంటే కెల్విన్, వెలుగు ఛాయను చెప్పే కొలత). అది నీలం వైపు మొగ్గిన వెలుగు. వార్మ్ వైట్ అని అమ్మేవి 2700 నుంచి 3000కె, ఇవి పసుపు. మధ్యలో 4000కె ఉంది, దొరికితే ఇళ్లకు అదే బాగుంటుందని నా నమ్మకం. బూడిద షేడ్ మీద 6500కె ట్యూబ్‌లైటు వేస్తే హాలు ఆసుపత్రి వరండాలా తయారవుతుంది. ఐవరీ మీద 2700కె వేస్తే పెళ్లి మండపమంత పసుపు. కొత్త ఇళ్లలో ఫాల్స్ సీలింగ్ అంచుల్లో వెచ్చటి స్ట్రిప్ లైట్లు, మధ్యలో తెల్లటి ప్యానెల్ లైట్లు కలిపి పెడుతున్నారు. అక్కడ ఒకే గోడ పైభాగం పసుపుగా, కిందిభాగం నీలంగా కనిపిస్తుంది. దానికి ఏ షేడూ మందు కాదు, లైట్లు సరిచేసుకోవాల్సిందే. నిజానికి బల్బు మార్చడం గోడకు మళ్లీ రంగు వేయించడంకన్నా ఎంతో చవక. షేడ్ ఖరారు చేసే ముందే ఏ లైట్లు ఉంటాయో తేల్చుకోండి.

షాపువాళ్లు తరచుగా చేసే ఒక ఉపకారం గురించి ఇక్కడే చెప్పాలి. "ఆ కంపెనీ షేడ్‌ను ఈ కంపెనీ బేస్‌లో కలిపిస్తాను, తక్కువకు వస్తుంది" అంటారు. కలిపి చూపిస్తే అచ్చు అలాగే ఉంటుంది. అయితే వేర్వేరు కలరెంట్లతో చేసిన రెండు రంగులు ఒక వెలుగులో ఒకేలా ఉండి ఇంకో వెలుగులో విడిపోవచ్చు. రంగుల శాస్త్రంలో దీన్ని మెటామెరిజం అంటారు. షాపు ట్యూబ్‌లైటు కింద కుదిరిన జోడీ ఇంట్లో పగటి వెలుగులో కుదరకపోవచ్చు. ఇల్లంతా ఆ ఒక్క డబ్బారంగే వేస్తే ఇబ్బంది లేదు. సగం గోడలు ఒక కంపెనీది, సగం ఇంకో కంపెనీది అయితేనే చిక్కు.

పక్కన ఏముంది?

పారిస్‌లోని గోబెలిన్ వస్త్రశాలకు 1824లో అద్దకం విభాగాధిపతిగా మిషెల్ యూజెన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చాడు. నీలం, ఊదా రంగుల వస్త్రాల్లో నీడలు చూపడానికి వాడే నల్ల నూలు వెలిసిపోయినట్టు ఉందని నేతగాళ్లు ఫిర్యాదు చేస్తున్నారు. పరీక్షిస్తే నలుపు అద్దకంలో లోపం లేదు. పక్కనున్న నీలమే ఆ నలుపును అలా చూపిస్తోంది. కన్ను ఏ రంగును చూసినా దాని పక్కదానికి వ్యతిరేక ఛాయను అంటగడుతుందని తేల్చి 1839లో ఆయన దాన్ని సూత్రంగా ప్రకటించాడు.

ఆ సూత్రం మన హాలులో టేకు ద్వారబంధం దగ్గర కనిపిస్తుంది. పాలిష్ పెట్టిన టేకు నారింజ గోధుమ రంగు. దాని పక్కన బూడిద షేడ్ వేస్తే డబ్బాలో ఒక్క చుక్క నీలం లేకపోయినా గోడ నీలంగా కనిపిస్తుంది. ఐవరీ అయితే టేకుతో కలిసిపోతుంది. స్విచ్‌బోర్డుల ప్లాస్టిక్ తెలుపు సాధారణంగా నీలం మొగ్గుది. దాని చుట్టూ క్రీమ్ షేడ్ పాతబడినట్టు ఉంటుంది. సీలింగ్‌కు మిలమిల మెరిసే తెలుపు, గోడకు క్రీమ్ వేసిన ఇళ్లలో గోడ మాసినట్టు అనిపించడానికీ ఇదే కారణం.

అన్నిటికన్నా పెద్ద పొరుగు నేల. కిటికీ వెలుగు మొదట పడేది నేల మీదే, అక్కడి నుంచే గోడలకు ఎక్కుతుంది. గులాబీ ఛాయ ఉన్న లేత గోధుమ విట్రిఫైడ్ టైల్స్ పరిచిన ఇంట్లో పసుపు మొగ్గు ఐవరీ వేస్తే రెండూ పొసగవు. టైల్ ఎర్రబారినట్టు, గోడ పచ్చబారినట్టు కనిపిస్తాయి. తాండూరు నాపరాయిలో ఒక రకం నీలిబూడిదగా ఉంటుంది. దాని మీద బూడిద షేడ్ గోడలు వేస్తే ఇల్లంతా మబ్బు పట్టినట్టు ఉంటుంది, ఐవరీ దాన్ని తేలిక చేస్తుంది. పాత ఇళ్లలోని రెడ్ ఆక్సైడ్ గచ్చు గోడ కిందిభాగాన్ని స్వయంగా గులాబీ చేసేస్తుంది, ఇక డబ్బాలో గులాబీ అక్కర్లేదు. నేలను తవ్వించలేరు కాబట్టి దానిదే చివరి మాట.

తేల్చే పద్ధతి

రెండు షేడ్లవీ చిన్న ప్యాకులు కొనండి. చిన్నవి దొరక్కపోతే లీటరు డబ్బా తీసుకున్నా నష్టం లేదు, పదివేల రూపాయల కూలీ ముందు అదెంత. పాత రంగున్న గోడ మీద నేరుగా పూయకండి. వెనక ఉన్న పాత రంగు షెవ్రల్ చెప్పినట్టే కంటిని మోసం చేస్తుంది. రెండడుగుల అట్టల మీద ప్రైమర్ వేసి, రెండు కోట్లు వేసి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలరంగులో ఉండి ఆరాక కాస్త ముదురుతుంది, తడి మీద తీర్పు వద్దు.

ముందుగా మొగ్గు పట్టుకోవాలి. రెండు అట్టల పక్కనా ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టండి. ఏది పసుపో ఏది ఆకుపచ్చో వెంటనే బయటపడుతుంది. అంతవరకే కాగితం పని. దాని తెలుపు పెంచడానికి కలిపే రసాయనం పగటి వెలుగులోని అతినీలలోహిత కిరణాలను నీలం చేసి పంపుతుంది కాబట్టి కాగితం పక్కన ఏ ఆఫ్ వైట్ అయినా మురికిగానే తోస్తుంది. మొగ్గు తెలిశాక కాగితాన్ని తీసేయండి.

తర్వాత ఒక అట్టను దాచేయండి. రెండూ కలిపి చూస్తే కన్ను తేడానే వెతుకుతుంది. రేపు మీ గోడ మీద ఉండేది ఒక్కటే. మొదటిదాన్ని టైల్‌కు ఆనించి, స్కర్టింగ్ దగ్గర, కిటికీకి ఎదురుగోడకు, కిటికీ ఉన్న గోడకు, టేకు తలుపు పక్కకు జరుపుతూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైట్లు వేశాక చూడండి. మర్నాడు రెండోదాన్ని అలాగే. నచ్చిందా అని ప్రశ్నించుకోకండి. ఏ వేళ, ఏ చోట చిరాకు పెట్టిందో కాగితం మీద రాసుకోండి. ఫోనుతో ఫోటో తీయడం వృథా. కెమెరా తనంతట తానే తెలుపును సరిచేసి మీరు వెతుకుతున్న మొగ్గునే తుడిచేస్తుంది. డల్లాస్ అబ్బాయి రెండూ ఒకటే అన్నది అందుకే.

రెండు జాబితాల్లోనూ ఏమీ లేకపోతే శుభం, రెండూ పనికొస్తాయి. అప్పుడు నేనైతే కాస్త ముదురుదే తీసుకుంటాను. పిల్లల చేతి మరకలూ అగరుబత్తి పొగా దాని మీద ఆలస్యంగా కనిపిస్తాయి. వాస్తు చూసేవాళ్లకు కూడా అభ్యంతరం రాదు, రెండూ తెలుపు కిందికే వస్తాయి కదా.

ఇక మెరుపు సంగతి. ఒకే షేడ్ మెరుపు లేని మ్యాట్‌లో మెత్తగా, మెరుపున్న షీన్‌లో కిటికీ వెలుగు పడిన చోట తెల్లగా, పడని చోట ముదురుగా కనిపిస్తుంది. లప్పంలో ఎత్తుపల్లాలుంటే షీన్ వాటిని ఎత్తి చూపిస్తుంది. శాంపిల్ ఏ ఫినిష్‌లో చూశారో గోడకు అదే వేయించండి.

లేత రంగులో చుక్క తేడా కూడా షేడ్‌ను మార్చగలదు. అందుకే గదికి కావలసినంతా ఒకేసారి కలిపించి, డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపాకే మొదలుపెట్టమని మేస్త్రికి చెప్పండి. అర లీటరు మిగిల్చి, మూత మీద షేడ్ కోడ్, బేస్ పేరు, ఫినిష్, ఏ గదికి వేశారో మార్కర్‌తో రాసి అటక మీద పెట్టండి. రెండేళ్ల తర్వాత మరక పడితే పడిన చోట మాత్రమే పూయకండి, కొత్త పూత మచ్చలా తేలుతుంది. ఆ ఒక్క గోడకు మూల నుంచి మూల దాకా ఒక కోటు వేయించండి.